ఆసుపత్రికి ఎప్పుడు రావాలి, వచ్చి ముందుగా ఏం చెప్పాలి

(కాబోయే తల్లిదండ్రుల సమావేశంలో ఒక ప్రసూతి వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

కాబోయే తల్లులకు, తండ్రులకు, వారి వెంట వచ్చిన పెద్దలకు నమస్కారం.

ఇలాంటి సమావేశాలకు వచ్చేవారు సాధారణంగా ఏం తినాలి, ఎంత నడవాలి, ఏ పక్కకు తిరిగి పడుకోవాలి అనే ప్రశ్నలతో వస్తారు. అవి అవసరమైన ప్రశ్నలే. వాటికి మీ డాక్టరు ఓపీలో జవాబు చెబుతారు. నేను ఈ రోజు అంతగా ఎవరూ అడగని విషయం ఎంచుకున్నాను. ఏ లక్షణం కనబడితే రేపటి దాకా ఆగవచ్చు, ఏది కనబడితే ఉన్నపళంగా బయలుదేరాలి, ఆసుపత్రికి చేరాక మొదట ఎదురైన నర్సుకు ఏ మాట ముందు చెప్పాలి అన్నదే ఆ విషయం. పాతికేళ్ళుగా కాన్పుల గదిలో పనిచేస్తున్న నేను పరికరం లేక జరిగిన నష్టం కంటే మాట ఆలస్యమై జరిగిన నష్టాన్నే ఎక్కువగా చూశాను.

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాలకు దారితీసే ఆలస్యాలను మూడుగా విడదీసి చూపించారు. ఆసుపత్రికి వెళ్ళాలని నిశ్చయించుకోవడంలో జరిగేది మొదటిది, దారిలో జరిగేది రెండోది, ఆసుపత్రిలో అడుగుపెట్టాక సరైన వైద్యం అందడంలో జరిగేది మూడోది. రెండోది రోడ్ల మీద, వాహనాల మీద ఆధారపడి ఉంటుంది. మూడోదానికి మేమే బాధ్యులం. మొదటిది మాత్రం మీ ఇంట్లో, ‘ఇంత చిన్న విషయానికి వెళ్ళాలా’ అనుకునే ఆ కాసేపట్లోనే జరిగిపోతుంది. అందుకే నా మాటల్లో ఎక్కువ భాగం దాని గురించే.

గర్భం నిలిచిందని తెలిశాక 12 వారాలు దాటకముందే చూపించుకోవాలని మేము పట్టుబడతాం. దానికి మొదటి కారణం తేదీ. చివరి నెలసరి మొదలైన రోజు నుంచి 280 రోజులకు, అంటే 40 వారాలకు, కాన్పు తేదీని లెక్కగడతాం. 28 రోజులకొకసారి క్రమం తప్పకుండా నెలసరి వచ్చేవారికి ఈ లెక్క సరిపోతుంది గానీ అందరి శరీరాలూ ఆ క్రమంలో నడవవు. మొదటి మూడు నెలల్లో స్కానింగ్ చేసి, తల నుంచి పిరుదుల దాకా బిడ్డ పొడవు కొలిస్తే, వయసు కొద్ది రోజుల తేడాలో తేలిపోతుంది. నెలలు పెరిగేకొద్దీ ఒక్కో బిడ్డ ఒక్కో తీరులో ఎదుగుతుంది కాబట్టి, ఎనిమిదో నెలలో తొలిసారి స్కానింగ్ చేసి చెప్పే వయసు రెండు మూడు వారాలు అటో ఇటో తప్పవచ్చు. తేదీ తప్పితే ఏమిటి నష్టమని అడుగుతారు. ఒక తల్లి నొప్పులతో వచ్చినప్పుడు ఆమెకు 33 వారాలా, 37 వారాలా అన్నది తెలియకపోతే, బిడ్డ ఊపిరితిత్తులు బలపడేందుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలా, నొప్పులను ఆపాలా, కాన్పు జరగనివ్వాలా అన్న మూడు ప్రశ్నలకూ చీకట్లోనే జవాబు వెతకాలి. బిడ్డ చిన్నగా ఉంటే, నిజంగా ఎదుగుదల తగ్గి చిన్నగా ఉందా, లేక మన లెక్కే తప్పా అన్నది తేలదు. ఆ తొలి స్కానింగ్ కాగితాన్ని కాన్పయ్యే దాకా జాగ్రత్తగా దాచమని మేము చెప్పేది అందుకే.

ఫోలిక్ ఆమ్లం గురించి ఒక మాట. బిడ్డ మెదడుగా, వెన్నుపాముగా మారే నాళం అండం ఫలదీకరణ చెందిన సుమారు 28 రోజులకే మూసుకుపోతుంది. నెల తప్పిందని గమనించి, పరీక్ష చేయించుకునేసరికి ఆ గడువులో చాలా భాగం అయిపోతుంది. కాబట్టి బిడ్డ కావాలనుకున్న నాటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలి. ఇంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవారికి, మూర్ఛకు మందులు వాడేవారికి మోతాదు వేరుగా ఉంటుంది. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మీ సోదరికో స్నేహితురాలికో ఈ ఒక్క ముక్క చేరవేసినా మేలు చేసినవారవుతారు.

ఇక నెలనెలా జరిగే పరీక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో, కాన్పులోపు కనీసం 8 సార్లు గర్భిణి వైద్య సిబ్బందిని కలవాలని సూచించింది. అంతకుముందు ఆ సంఖ్య 4. ఎన్నిసార్లు వచ్చినా బీపీ చూసి, మూత్రం పరీక్షించి, పొట్ట కొలిచి పంపించేస్తున్నారని కొందరు నిరాశపడతారు. ఆ బీపీ పరీక్షను తేలికగా చూడవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. 20 వారాలు దాటాక కొందరిలో మాయకు (గర్భంలో బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటాకు) సంబంధించిన లోపం వల్ల రక్తపోటు పెరిగి, మూత్రపిండాలూ కాలేయమూ మెదడూ దెబ్బతినడం మొదలవుతుంది. మూత్రంలో ప్రోటీన్ కనబడవచ్చు. తొలిదశలో ఆ తల్లికి ఏ బాధా తెలియదు. ఆమె హాయిగా తిరుగుతూనే ఉంటుంది, లోపల మాత్రం వ్యాధి ముదురుతూ ఉంటుంది. పెద్దలు గుర్రపువాతం అని పిలిచే మూర్ఛలు ఈ వ్యాధి ముదిరితే వచ్చేవే. పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, లేదా అంతకు మించి గానీ ఉంటే మేము కాసేపాగి మళ్ళీ చూస్తాం, రక్తపరీక్షలు రాస్తాం. ఆ రోజు మిమ్మల్ని కూర్చోబెడితే విసుగుపడకండి. తీవ్రమైన తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు లేదా మసక, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖం వాయడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా తలనొప్పి మాత్ర వేసుకుని పడుకోకూడదు. ఆ రాత్రే రావాలి. మెగ్నీషియం సల్ఫేట్ అనే మందు మూర్ఛల ముప్పును సగానికి తగ్గిస్తుందని 2002లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. మందు మా దగ్గర ఉంది, అది అందే వేళకు మీరు ఇక్కడ ఉండాలి. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను మూడు నెలలు నిండిన దగ్గర నుంచే మొదలుపెడతాం. తొలిసారి త్వరగా చూపించుకోమనడానికి ఇది మరో కారణం.

మిగతా పరీక్షలను తొందరగా చెప్పి ముందుకు వెళ్తాను. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అంటాం. ఇనుము మాత్రనూ కాల్షియం మాత్రనూ ఒకే పూట వేసుకుంటే ఇనుము సరిగా ఒంటబట్టదు కాబట్టి వేర్వేరు పూటల వేసుకోవాలి. 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలను చూసే స్కానింగ్, 24 నుంచి 28 వారాల మధ్య గర్భకాలపు మధుమేహానికి గ్లూకోజ్ పరీక్ష ఉంటాయి. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయితే 28 వారాలప్పుడు ఒకసారి, పుట్టిన బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డీ ఇంజెక్షన్ (బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా తల్లి ఒంట్లో ప్రతిరక్షకాలు తయారు కాకుండా ఆపేది) వేయాలి. మీ బ్లడ్ గ్రూపు మీ భర్తకూ కంఠస్థమై ఉండాలి. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను 20 వారాల తరువాత సొంతంగా వాడకూడదు. పంటి వైద్యానికి వెళ్ళినా, జ్వరానికి వెళ్ళినా గర్భంతో ఉన్నానన్న మాటే ముందు చెప్పాలి.

బిడ్డ కదలికల దగ్గర కొంతసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ విషయంలో ఒక తప్పుడు మాట తరతరాలుగా చెలామణి అవుతోంది. నెలలు నిండేకొద్దీ లోపల చోటు చాలక బిడ్డ కదలడం తగ్గిస్తుందని చెబుతారు. అది నిజం కాదు. కదిలే తీరు మారవచ్చు. తన్నడానికి బదులు దొర్లినట్టు, నెట్టినట్టు అనిపించవచ్చు. కానీ కదలడం మాత్రం నొప్పులు మొదలయ్యే దాకా, మొదలయ్యాక కూడా సాగుతూనే ఉండాలి. 18–20 వారాల ప్రాంతంలో మొదలైన కదలికలు 28 వారాలకల్లా ఒక క్రమానికి వస్తాయి, ఆ క్రమం మీ బిడ్డకే ప్రత్యేకం. పక్కింటామె బిడ్డ ఎన్నిసార్లు కదిలిందన్నది మీకు అనవసరం. నిన్నటికీ ఈ రోజుకీ మీకు తేడా తెలిసిందంటే అది చాలు.

నేను ఈ వృత్తిలోకి వచ్చిన తొలి ఏళ్ళలో ఒక తల్లికి తొమ్మిదో నెలలో కదలికలు తగ్గాయనిపించింది. ఆమె ఆ రోజే నేను పనిచేస్తున్న ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఫోనెత్తినవారు వివరం అడగకుండా, ఇచ్చిన తారీఖుకే రమ్మన్నారు. ఇంట్లో పెద్దలు కూడా చోటు చాలదన్న మాటే చెప్పి ధైర్యం చెప్పారు. మూడో రోజు ఆమె నా ముందు బల్ల మీద పడుకున్నప్పుడు, స్కానింగ్ తెర మీద కొట్టుకోవలసిన గుండె కొట్టుకోవడం లేదు. మొదటి రోజే వచ్చి ఉంటే బిడ్డ దక్కేదని ఖాయంగా చెప్పలేను. కానీ చూసే అవకాశమైనా ఉండేది, ఆ అవకాశాన్ని ఇల్లూ ఆసుపత్రీ కలిసి పోగొట్టాయి. ఆమె సరిగ్గానే గమనించింది, సరిగ్గానే చెప్పింది, వినవలసినవాళ్ళం మేము వినలేదు. ఆనాటి నుంచి ఈ విషయం చెప్పకుండా నేను ఏ సమావేశాన్నీ ముగించలేదు.

కదలికలు తగ్గాయనిపిస్తే ఎడమ పక్కకు తిరిగి పడుకుని, మనసంతా దాని మీదే పెట్టి కాసేపు గమనించండి. అప్పటికీ అనుమానం తీరకపోతే మరుసటి ఉదయం కోసం చూడకుండా రండి. ఇంట్లో వాడుకోవడానికి దొరికే, బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్ యంత్రాలను నమ్ముకోవద్దు. అందులో వినిపించేది తల్లి రక్తనాళం చప్పుడే కావచ్చు, బిడ్డ గుండె చప్పుడే అయినా అది వినిపించినంత మాత్రాన బిడ్డ క్షేమమని అర్థం కాదు. ఆసుపత్రిలో గుండె కొట్టుకునే వేగం ఎలా పెరుగుతోంది, ఎలా తగ్గుతోంది అన్నదాన్ని కొంతసేపు కాగితం మీద గీయించి చూస్తాం. 28 వారాల తరువాత వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి నిద్రపోవడం మంచిది. మధ్యలో మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉంటే కంగారుపడక మళ్ళీ పక్కకు తిరిగితే సరిపోతుంది.

నొప్పుల సంగతికి వద్దాం. తొలి కాన్పులో నొప్పులు 5 నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి దాదాపు నిమిషం సేపు, గంటపాటు ఆగకుండా వస్తుంటే బయలుదేరే సమయమైనట్టే. రెండో కాన్పు త్వరగా జరగవచ్చు, ఆసుపత్రి దూరమైతే ఇంకా ముందే కదలాలి. అయితే కొన్ని సందర్భాల్లో నొప్పుల లెక్క చూడకూడదు. ఉమ్మనీరు పోతే, నొప్పులున్నా లేకున్నా రావాలి. ఆ నీరు ఏ రంగులో ఉందో, ఎన్ని గంటలకు మొదలైందో గుర్తు పెట్టుకోవాలి. ఆకుపచ్చగా ఉంటే లోపల బిడ్డ మలవిసర్జన చేసిందని అర్థం. రక్తం పోతే, అది కొద్దిగా అయినా సరే, ఆగకూడదు. 37 వారాలకు ముందే పొట్ట మాటిమాటికీ బిగుసుకుంటున్నా, నడుం నుంచి కిందికి లాగుతున్నట్టున్నా, గ్యాస్ నొప్పిగా తోసిపుచ్చకుండా రావాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనిచేయడానికి కొన్ని గంటలు కావాలి, ఆ గంటలు మీరు త్వరగా రావడం వల్లే మాకు దొరుకుతాయి.

వచ్చాక ఏం చెప్పాలన్నది ఎవరూ నేర్పరు. వరండాలో రద్దీ, పక్కన కంగారుపడే బంధువులు, నర్సు చేతిలో నలుగురి కాగితాలు ఉంటాయి. అప్పుడు జరిగినదంతా మొదటి నుంచి చెబితే ముఖ్యమైన ముక్క మధ్యలో పోతుంది. అందుకని ఎన్ని వారాలు, ఎన్నో కాన్పు, ఏ ఇబ్బంది, ఎప్పటి నుంచి అన్న నాలుగింటినీ ఒకే వాక్యంలో చెప్పాలి. ‘34 వారాలు, రెండో కాన్పు, మొదటిది సిజేరియన్, గంట నుంచి రక్తం పోతోంది’ అన్నారనుకోండి, ఆ నర్సు మిమ్మల్ని వరుసలో నిలబెట్టదు. ఈ వాక్యాన్ని భర్త ఇంటి దగ్గరే అనుకుని చూసుకోవాలి, ఎందుకంటే ఆ వేళకు భార్య మాట్లాడే స్థితిలో ఉండకపోవచ్చు. రాత్రిపూట ఆసుపత్రి ప్రధాన ద్వారం మూసి ఉండవచ్చు. అత్యవసర విభాగానికి ఏ వైపు నుంచి రావాలో ముందే చూసుకుని ఉంచుకోండి.

కాన్పుల గదిలో తోడుగా ఒకరుండటం విలాసం కాదు. కాన్పు సాగినంతసేపూ పక్కన ఉండి చేయి పట్టుకునే మనిషి ఉన్న తల్లులకు సహజ కాన్పు జరిగే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆసుపత్రి నియమం ఏమిటో ముందే అడిగి తెలుసుకోండి. గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పక్కన పెట్టింది. 5 సెంటీమీటర్ల దాకా నెమ్మదిగా సాగడం మామూలే. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నంతవరకు నెమ్మదిగా సాగుతోందన్న ఒక్క కారణంతో కంగారు పడనక్కరలేదు. సిజేరియన్ అవసరమని చెప్పినప్పుడు, ఎందుకు అవసరమైంది, ఇప్పుడే చేయాలా, కాసేపు చూడవచ్చా అని అడగడం మీ హక్కు. ఒక్కోసారి వివరించేందుకు మాకు రెండు నిమిషాలే ఉంటాయి. ఆ రెండు నిమిషాల్లోనూ సూటిగా చెప్పడం మా విధి.

బిడ్డ పుట్టగానే గదిలో అందరి చూపూ బిడ్డ మీదికి వెళ్తుంది. మా చూపు మాత్రం తల్లి మీద కూడా ఉండాలి, ఎందుకంటే ప్రపంచమంతటా తల్లుల మరణాలకు ముఖ్య కారణం అధిక రక్తస్రావమే. గర్భసంచి గట్టిగా ముడుచుకుంటేనే మాయ ఊడిన చోట రక్తనాళాలు మూసుకుంటాయి. అందుకే బిడ్డ పుట్టిన వెంటనే గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందు 10 యూనిట్లు ఇస్తాం. పోయిన రక్తం 500 మిల్లీలీటర్లు దాటితే అధికంగా లెక్కిస్తాం, కానీ కంటితో చూసి వేసే అంచనా తరచుగా తక్కువే అవుతుంది. రక్తస్రావాన్ని అదుపు చేసే ట్రానెక్సామిక్ ఆమ్లం కాన్పయిన 3 గంటల్లోపు ఇస్తేనే ఉపయోగం. ఇంటికి వెళ్ళాక గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, కళ్ళు తిరుగుతున్నా అది మామూలు మైల కాదు, వెంటనే తిరిగి రావాలి. కాన్పయ్యాక వచ్చే జ్వరం కూడా అంతే. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ వైద్యుల చేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాక, ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న బాలింతల మరణాలు కొద్ది నెలల్లో సుమారు 2కు పడిపోయాయి. మిమ్మల్ని పరీక్షించబోయేవారిని ‘చేతులు శుభ్రం చేసుకున్నారా’ అని అడిగితే నొచ్చుకునే హక్కు మాలో ఎవరికీ లేదు.

బిడ్డ ఏడ్చి, ఊపిరి తీసుకుంటూ ఉంటే, తుడిచి నేరుగా తల్లి గుండెల మీద పడుకోబెట్టాలి. బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగితే మాయలోని రక్తం మరికొంత బిడ్డకు చేరి, తరువాతి నెలల్లో రక్తహీనత తగ్గుతుంది. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి. అవి చిక్కగా, కొద్దిగానే వస్తాయి, ఆ తొలిరోజు బిడ్డ పొట్టకు అంతే చాలు. ఆ తరువాత 6 నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కరలేదు. తక్కువ బరువుతో పుట్టిన పిల్లల విషయంలో ఒక మంచి కథ ఉంది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే వైద్యుడు ఆ పసికందులను తల్లుల ఎదకు హత్తించి కట్టించడం మొదలుపెట్టారు. లేమిలో పుట్టిన ఆ పద్ధతే ఎంతో మేలైనదని తరువాత రుజువైంది. ఈ పని తండ్రి కూడా చేయవచ్చు, చేయాలి.

పసిబిడ్డ తన బాధ చెప్పలేదు కాబట్టి చూడవలసినవి మీరే చూడాలి. పాలు తాగడం మానేసినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్ళు 37.5 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా, 35.5 కన్నా చల్లబడినా రేపటి కోసం చూడవద్దు. కామెర్లు మూడో రోజు కొద్దిగా కనబడటం చాలామంది పిల్లల్లో మామూలే. కానీ మొదటి 24 గంటల్లోనే కనబడినా, అరచేతులకూ అరికాళ్ళకూ పాకినా పరీక్ష చేయించి తీరాలి. ఎండలో పడుకోబెట్టడం దానికి వైద్యం కాదు.

తల్లి మనసు గురించి అడిగేవారు తక్కువ. కాన్పయిన కొద్ది రోజులకు ఊరికే ఏడుపు రావడం చాలామందిలో కనబడుతుంది, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. తగ్గకుండా నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేక, తాను మంచి తల్లిని కానన్న భావన వేధిస్తుంటే అది జబ్బు, వైద్యంతో నయమవుతుంది. తనకుగానీ బిడ్డకుగానీ హాని చేసుకోవాలన్న తలంపు వచ్చిందని ఆమె ఎవరితోనైనా అంటే, ఆ మాట విన్నవారు ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకురావాలి.

(ప్రసంగం ముగిశాక ఒక తండ్రి లేచి ఇలా అడిగారు: ‘డాక్టరుగారూ, కదలికలు తగ్గాయని మొన్న రాత్రి రెండింటికి వచ్చాం. అంతా బాగుందని పంపించారు. మళ్ళీ అలాగే అనిపిస్తే మళ్ళీ రావడానికి మొహమాటంగా ఉంటుందండీ. ఏం చేయమంటారు?’)

మీరు అడిగినందుకు సంతోషం. ఆ రాత్రి పరీక్షలో అంతా బాగుందంటే, ఆ వేళకు బాగుందనే అర్థం. వచ్చే వారానికి కూడా అది పూచీ కాదు. మళ్ళీ అనిపిస్తే మళ్ళీ రండి. నిజానికి రెండోసారి వచ్చిన తల్లిని మేము మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే కదలికలు పదేపదే తగ్గడం దానికదే ఒక సూచన. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మీరు నిలబడి, ‘కదలికలు తగ్గాయని నా భార్య చెబుతోంది, ఎన్ని గంటల నుంచో కేస్ షీట్‌లో రాయండి’ అని అడగండి. ఆ వాక్యం కాగితం మీద పడ్డాక, బిడ్డ గుండె చూడకుండా మిమ్మల్ని ఇంటికి పంపడం మాలో ఎవరి తరమూ కాదు.